లీక్టెన్‌స్టెయిన్ నుంచి వచ్చిన పళ్ళు

వసంతకుమారికి నొప్పి చేసింది ఒక్క పన్ను. కుడివైపు పైన, అన్నిటికంటే వెనకది. నోట్లో వేలు పెట్టి మరీ కూతురు ప్రేమజ్యోతికి చూపించింది. ఇదిగో, ఇదొక్కటే, చన్నీళ్ళు తగిలితే ప్రాణం లాగేస్తోంది, అంది. కూతురి పురిటికి సాయంగా అమెరికాలో నేపర్‌విల్ వచ్చి అప్పటికి ఏడు నెలలు. పుట్టిన పిల్ల బోర్లాపడి పాకడం కూడా మొదలుపెట్టింది. అది 1984 మార్చి. వాకిట్లో మంచు ఇంకా పోలేదు.

ఆ ఒక్క పన్నుతో పాటు పైవరసలో మిగతా పదమూడూ ఎందుకు పోయాయో తెలియడానికి ఆమెకు ఇంకో మూడు నెలలు పట్టింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు పళ్ళ డాక్టరు గరిటెలాంటి దాంట్లో గులాబీరంగు ముద్ద వేసి పైదవడకు అదిమిపెట్టాడు. పొడుగాటి తెల్లాయన, మర్యాదస్తుడు. ముద్ద తీశాక స్టూలు దగ్గరికి లాక్కుని, వసంతకుమారి కళ్ళలోకి చూస్తూ ఇంగ్లీషులో చాలాసేపు ఏదో అడిగాడు. ఆమె కూతురి వంక చూసింది. ప్రేమజ్యోతి ఆసుపత్రిలో నర్సు, ఆ భాషంతా దానికి మంచినీళ్ళ ప్రాయం. తల్లికి తిప్పి చెప్పకుండానే ఆయనకు జవాబు చెప్పేసింది. ఏమడిగాడే అంటే, నొప్పి ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు, చెప్పాలే అంది. రెండోసారి వెళ్ళినప్పుడు ఒక కాగితం ఇచ్చారు. కూతురు చూపించిన చోట వసంతకుమారి తెలుగులో తన పేరు రాసింది. ఆ తర్వాత ముక్కు మీద ఏదో పెట్టారు. మెలకువ వచ్చేసరికి నోట్లో ఎవరివో పళ్ళున్నాయి.

నాలుకతో తడుముకుంది. తన ఇంట్లో తాను చీకట్లో నడుస్తుంటే, సామానంతా ఎవరో మార్చి సర్దినట్టుంది.

నోరంతా పుచ్చిపోయిందని చెప్పింది ప్రేమజ్యోతి. ఒకదాన్నుంచి ఒకదానికి పాకిందట, తీయకపోతే చీము రక్తంలోకి దిగుతుందని డాక్టరన్నాడట. నర్సు చదువు చదివిన పిల్ల చెబితే కాదనేదేముంది? వసంతకుమారి నమ్మింది. నమ్మి, తన్ను తానే తిట్టుకుంది. రోజూ కచికబొగ్గుతో తోముకున్నానే, వేపపుల్ల తప్పలేదే, ఎక్కడ అశ్రద్ధ చేశానా అని ఆరు వారాలు ఓట్స్ జావ తాగుతూ ఏడ్చింది. కనిగిరిలో ఆడపిల్లల హాస్టల్లో ముప్పై ఏళ్ళు వంట చేసిన మనిషి ఆమె. మొగుడు పోయాక ఎనభై మంది పిల్లలకు వండి, తన ఒక్క పిల్లను పెంచుకుంది. ఆదివారం కూరలో చివరికి మిగిలిన బొమికను పళ్ళతో పగలగొట్టి మూలుగు తీసి, మారాం చేసే చిన్నపిల్లల నోట్లో పెట్టేది. ఆ పళ్ళు పుచ్చిపోయాయంట.

వాటి రంగు సంగతి వేరు. ఆమెవి గార పళ్ళు. ఆ మెట్టసీమలో అందరివీ అవే. బావి నీళ్ళలోనే ఏదో ఉందంటారు. పాలపళ్ళు రాలి వచ్చే పళ్ళు చారలు చారలుగా, గోధుమరంగు మరకలతో వస్తాయి. పెళ్ళిచూపులకు వచ్చిన పిల్లవాడు నవ్వితే తెల్లగా కనబడ్డాడా, వీడెవడో కాలవనీళ్ళ వాడమ్మా, మన ఎండల్లో నిలుస్తాడా అని ముసలమ్మలు చెవులు కొరుక్కునేవాళ్ళు.

జూన్‌లో ఒక ఆదివారం. అమెరికా వాళ్ళ ఆరాధన ముగిశాక అదే చర్చిలో మధ్యాహ్నం తెలుగు ఆరాధన జరిగేది. అది అయ్యాక కింది హాల్లో ప్రేమ విందు. నవ్వితే పదేళ్ళు తగ్గారు ఆంటీ అని ఆడవాళ్ళు పలకరిస్తున్నారు. కింది వరస కూడా వచ్చే గురువారం తీసేస్తారు, అప్పుడు చూడండి అని ప్రేమజ్యోతి వాళ్ళకు చెబుతోంది. వసంతకుమారి పులావు మెత్తగా పిసుక్కుని తింటోంది.

దైవాశీర్వాదం అనే ఆయన పళ్ళెం పట్టుకుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. హైదరాబాదులో పళ్ళ డాక్టరు చదువు చదివినవాడు. ఇక్కడి పరీక్ష ఇంకా గట్టెక్కలేదు. అందుకని కట్టుడు పళ్ళు తయారుచేసే చోట, మైనంలో పళ్ళు కూర్చే పనిలో ఉన్నాడు. ఆమె నోటివంక చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

"వందనాలమ్మగారూ. ఇవి నా చేత్తో కూర్చిన పళ్ళేనండీ."

డాక్టరు పంపిన చీటీ మీద పేరు చూసి అప్పుడే అనుకున్నాడట, మన తెలుగావిడే అని. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరం కాలేదు. ఈ పళ్ళు అమెరికావి కావట. లీక్టెన్‌స్టెయిన్ అని ఒక దేశముందట. కొండల మధ్య, ఒంగోలు జనంలో మూడో వంతు కూడా ఉండని దేశం, దానికో రాజుగారు. లోకమంతటికీ ఆ దేశం రెండింటితో తెలుసట, తపాలా బిళ్ళలు, కట్టుడు పళ్ళు. గుండీలు అట్టకు కుట్టినట్టు ఆరేసి పళ్ళు వరసగా పట్టీకి అంటించి పంపుతారట. ఒక్కో రంగుకూ ఒక్కో నంబరు. ఆమెకు వేసింది అన్నిటికంటే తెల్ల నంబరు.

"ఊరంతా పళ్ళు చేస్తూ కూర్చుంటే ఇక నమిలేదెప్పుడు నాయనా?" అంది వసంతకుమారి.

ఆయన పకపకా నవ్వాడు. ఆమె కూడా, పళ్ళు పోయాక మొదటిసారి, నోరు తెరిచి నవ్వింది. అప్పుడు కనిపించింది ఆయనకు కింది వరస. ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది.

"కిందివి గార పళ్ళు కదమ్మగారూ?"

"మాది కనిగిరి. ఇంకెట్లా ఉంటాయి?"

"పైవో?"

"అవీ అంతే. పుచ్చిపోయాయంట."

ఆయన చెంచా కింద పెట్టాడు. చదువుకునే రోజుల్లో వాళ్ళను నల్లగొండ పల్లెలకు తీసుకెళ్ళి ఇట్లాంటి నోళ్ళు వందలు చూపించారట. రంగు పోతుందే గాని, ఈ పళ్ళు పుచ్చడం తక్కువట. అంతవరకు చెప్పి, తనేం మాట్లాడుతున్నాడో తెలిసినట్టు నీళ్ళు నమిలాడు. నేను చూసింది సున్నపు అచ్చునే, నోటిని కాదు, నేను చెప్పకూడదు అని లేవబోయాడు. వసంతకుమారి ఆయన మణికట్టు పట్టుకుంది. ఎనభై మందికి అన్నం వార్చిన చెయ్యి అది.

"నీ దగ్గరికొచ్చిన చీటీలో ఏం రాసుంది?"

"ఒక పన్ను పుచ్చిందని. మిగతావి పేషెంటే తీసెయ్యమని కోరిందని."

"పేషెంటంటే ఎవరు?"

"మీరేనమ్మగారూ."

అరికాలి మంట నెత్తికెక్కింది వసంతకుమారికి. అయినా ప్రభువు మందిరంలో నోరు చేసుకోలేదు. కారులో ఇంటికొచ్చేదాకా మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చి, పిల్లను అల్లుడు సుందర్ రాజ్ చేతిలో పెట్టి, వంటింట్లో పాలసీసా వెచ్చబెడుతున్న కూతురి ఎదుట నిలబడింది.

"ఆ రోజు స్టూలు మీద కూర్చుని ఆయన నన్నేమడిగాడు?"

చెప్పానుగా, నొప్పి గురించి అంది ప్రేమజ్యోతి. వసంతకుమారి అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగేసరికి కూతురు పొయ్యి ఆపేసింది.

"బాగున్నవి ఉంచమంటారా అని అడిగాడు. వద్దన్నాను."

"నన్నడిగిన దానికి?"

"నువ్వు ఒప్పుకోవని తెలుసమ్మా."

ఆ తర్వాత ప్రేమజ్యోతి ఆగకుండా చెప్పుకుంటూ పోయింది. అమెరికా వచ్చిన కొత్తలో పెద్ద నర్సు ఒకామె పదిమందిలో తనకు బ్రష్షు చేతికిచ్చింది. ఒక ముసలాయన, ఈ పిల్ల నాకు మందివ్వద్దు, ముందు నోరు కడుక్కోమనండి అన్నాడు. రెండేళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. ముందు నాలుగు పళ్ళకూ తెల్ల తొడుగులు వేయించుకున్న రోజున గాని అద్దంలో తన మొహం తాను చూసుకోలేదు. అమ్మను కూడా ఎవరూ అట్లా చూడకూడదని చేసింది. అన్ని పళ్ళకూ తొడుగులంటే అయ్యే పని కాదు, అందుకని తీయించింది.

ఆ ముసలాయన ఎదురుగా ఉంటే వసంతకుమారి నిలువునా కడిగేసేది. కాని కూతురి మీద కోపం దిగలేదు. దిగకపోగా దానికి ఇప్పుడు రెండు కొమ్ములు మొలిచాయి.

"నిన్నన్నవాళ్ళ నోరు పడిపోను. నీ పళ్ళు నీవి, వెండి తొడుగులేయించుకో, బంగారం వేయించుకో, నేను అడిగానా? ఇన్నాళ్ళూ నా పళ్ళు నేనే పాడుచేసుకున్నానని ఏడుస్తుంటే చూస్తూ జావ కాచి పోశావు కదే. నీ సిగ్గు నీ నోట్లో పెట్టుకో జ్యోతీ. నా నోట్లో పెట్టకు."

సుందర్ రాజ్ పిల్లనెత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు. మెతక మనిషి. రోజూ రైల్లో షికాగో వెళ్ళి, అంకెల మధ్య కూర్చుని, రైల్లో తిరిగొచ్చే ఇంజనీరు. గురువారం అపాయింట్‌మెంటు క్యాన్సిల్ చేసేద్దాం అత్తయ్యగారూ, నేను ఫోన్ చేస్తాను అన్నాడు.

అక్కర్లేదు, వెళ్దామంది ఆమె. మానేస్తే ఆ డాక్టరు కాగితాల్లో ఇంకా నేనే కోరినట్టుంటుంది. మీరు కూడా ఆఫీసుకు సెలవు పెట్టి రండి బాబూ, ఇది చెప్పేది సరిగ్గా చెబుతోందో లేదో వినడానికి నాకో మనిషి కావాలి.

ప్రేమజ్యోతి మూడు రోజులు బతిమాలింది. నాతో పనిచేసేవాళ్ళు కూడా ఆయన దగ్గరికే వెళ్తారమ్మా, నా పరువు పోతుంది అంది. వసంతకుమారి వినలేదు. అన్నం వండింది, పిల్లకు నీళ్ళు పోసింది, గుడ్డలు మడతపెట్టింది. ఆ ఒక్క విషయం దగ్గర మాత్రం రాయిలా కూర్చుంది.

గురువారం కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ కాగితపు గుడ్డ కట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. డాక్టరు ఆగాడు. సుందర్ రాజ్ గోడవార నిలబడ్డాడు.

"నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు," అంది కూతురితో. "నేను తీయమన్నది ఒక్క పన్ను."

ప్రేమజ్యోతి చెప్పింది.

"మిగతావి తీయమన్నది మా అమ్మాయి. నన్ను అడగలేదు. మీరడిగింది నాకు చెప్పలేదు. నాకు అబద్ధమాడింది, మీకూ అబద్ధమాడింది."

ప్రేమజ్యోతి ఏవో నాలుగు మాటలని ఆగిపోయింది. వసంతకుమారి అల్లుడి వంక తిరిగింది.

"అంతా చెప్పిందా బాబూ?"

ఆయన భార్య మొహం చూశాడు, అత్తగారి మొహం చూశాడు. "సగం చెప్పింది అత్తయ్యగారూ."

"మిగతా సగం కూడా దాని నోటితోనే రావాలి. వచ్చేదాకా కూర్చుంటాను."

గోడ గడియారం ముల్లు కదులుతోంది. బయట ఎవరో మనిషి తన వంతు కోసం దగ్గుతున్నాడు. చివరికి ప్రేమజ్యోతి తలవంచుకుని, కారు నేర్చుకునేవాళ్ళు నడిపినట్టు ఆగి ఆగి చెప్పింది. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ఫైలు తెరిచి, సంతకమున్న కాగితం తీసి చూపిస్తూ ఏదో అన్నాడు. సంతకం మీదే కదా అంటున్నాడమ్మా అంది ప్రేమజ్యోతి.

"నాదే. పేరు నాది, మాట నాది కాదు. నాకు రాని భాషలో కాగితం రాసి పేరు పెట్టించుకున్నారు. నా కళ్ళలోకి చూసి అడిగారు, జవాబు మాత్రం పక్కమనిషి దగ్గర తీసుకున్నారు. ఇది కూడా చెప్పు."

ఈసారి ప్రేమజ్యోతి ఆగలేదు. కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి, చెబుతూనే ఉంది. వసంతకుమారి అల్లుడి వంక చూసింది. ఆయన తలూపాడు. కూతురి కళ్ళు తుడవడానికి ఆమె చెయ్యి లేవలేదు. తర్వాత చూడొచ్చు.

డాక్టరు కాగితం కింద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నెమ్మదిగా, ముక్కముక్కకీ ఆగుతూ మాట్లాడాడు. మాటమాటకూ ప్రేమజ్యోతి వంక తిరిగి, తల్లికి చెప్పేదాకా కదలకుండా ఉన్నాడు. తప్పు జరిగిందన్నాడు. కింది పళ్ళు ముట్టుకోనన్నాడు. ఆమె చెప్పిందంతా ఈ రోజు తేదీ వేసి ఫైల్లో రాస్తానన్నాడు. ఇంకొకటి కూడా ఉందన్నాడు.

"పైవాటికి కూడా కిందివాటి రంగు వేయించవచ్చంట అమ్మా. చారలతో సహా. వేయించమంటారా, తెల్లగానే ఉంచమంటారా అని అడుగుతున్నాడు."

"ఎవర్ని అడుగుతున్నాడు?"

"నిన్నేనమ్మా."

వసంతకుమారి కుర్చీలో వెనక్కి వాలింది. నాలుకతో పైవరస ఒకసారి, కిందివరస ఒకసారి తడుముకుంది. ముగ్గురూ ఆమె నోటివంకే చూస్తున్నారు.

"ఆలోచించుకుని చెబుతానని చెప్పు," అంది. "అందాకా ఆయన్ని కదలకుండా కూర్చోమను."