చీలిన గోరు

చెడిన బొమ్మను చించకూడదు. ఇంటికి పట్టుకుపోకూడదు. చెత్తబుట్టలో పడెయ్యకూడదు. తీగకు తగిలించాలి.

ఆ బొమ్మల గదిలో చట్టమంటూ ఏదైనా ఉంటే అదొక్కటే. ఒక్కో బల్ల మీదుగా ఒక్కో తీగ, అచ్చం బట్టలారేసే తీగలాంటిదే. ఎవరు గీసి పాడుచేసిన కాగితం వాళ్ల తీగకు క్లిప్పు పెట్టుకుని వారం రోజులు వేలాడాలి. శనివారం మాస్టారు ఒక్కొక్కటీ చూసి, తప్పు ఎక్కడుందో ఎర్ర పెన్సిలుతో చుట్టి, అప్పుడు దింపిస్తాడు. అందుకే ఆయన్ని అందరూ తీగ మాస్టారంటారు. ఎదురుగా కూడా అంటారు. ఆయనకేం పట్టదు. ఆయన తీగకే అందరికంటే ఎక్కువ కాగితాలుంటాయి.

కొత్తమ్మాయి తీగ మాత్రం ఖాళీ.

ఆ గదిలో పెద్ద కళాఖండాలేమీ గీయరు. నిచ్చెన ఎలా వేసుకోవాలి, మంటలు లేస్తే ఏ మీట నొక్కాలి, మిక్సీ మూత ఎలా తియ్యాలి, ఇవీ వాళ్ల బొమ్మలు. చదువు రానివాడు కూడా చూసి పని చేసుకోవాలి. తప్పు గీస్తే ఎవడి వేలో తెగుతుంది. ఇంతకంటే గొప్ప కళ ఉందని చెప్పేవాళ్లు ఒక్కసారి వచ్చి ఆ గదిలో కూర్చోవాలి.

కొత్తమ్మాయికి మూడు నెలల గడువిచ్చారు. అందులో నెగ్గితే బల్ల ఆమెది, లేకపోతే ఇంటికి. ఒకటిన్నర నెల గడిచింది. నిచ్చెన గీసింది, బకెట్ గీసింది, యంత్రం లోపలి పళ్లచక్రాలు గీసింది. వంక పెట్టడానికి లేదు. మనుషుల్ని కూడా గీసింది. కాకపోతే ఆ మనుషులందరూ చేతులు జేబుల్లో పెట్టుకునో, వెనక్కి కట్టుకునో, మూట వెనకనో నిలబడ్డారు.

పక్క బల్లమీద అక్షరాలు రాసే పెద్దాయన ఒకరోజు తొంగి చూశాడు. "నీ బొమ్మల్లో జనానికి చలెక్కువమ్మా. ఒక్కడూ జేబులోంచి చెయ్యి తియ్యడు!"

గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ నవ్వులోనే బొమ్మమీద మోచెయ్యి పెట్టి కప్పేసింది.

ఆమెకు చేతులు గీయడం రాదు. విషయం అంతే. ఏనుగును గీయగలదు, ముసలమ్మ ముఖంలో ముడతలు లెక్కపెట్టి గీయగలదు. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఐదు వేళ్లూ ఐదు ముల్లంగి దుంపలవుతాయి. బొమ్మల కాలేజీలో నాలుగేళ్లు చదివింది. చేతులు రాకుండానే పట్టా ఇచ్చి పంపారు. "కొందరికి పుట్టుకతో వస్తుంది, కొందరికి రాదు" అని ఒక అయ్యవారు సెలవిచ్చాడు. తాను నేర్పలేనిదాన్ని దేవుడి మీదికి తోసేసే అయ్యవారు ఊరికొకడుంటాడు. ఆమె ఆ మాట నమ్మింది. నమ్మితే సుఖం. రానిదాన్ని నేర్చుకోనక్కర్లేదు, దాచుకుంటే చాలు.

మరి ఈ పనిలో ఎలా చేరింది? పన్నెండు బొమ్మల ఫైలు చూపించి చేరింది. అందులో సూదిలో దారం ఎక్కిస్తున్న ముసలమ్మ బొమ్మ ఒకటుంది. తీగ మాస్టారు ఆ బొమ్మ దగ్గర చాలాసేపు ఆగాడు. "ఈ చేతులు చూసే నిన్ను తీసుకుంటున్నా" అన్నాడు. ముసలమ్మ ఈమె గీసిందే. చేతులు మాత్రం అక్క గీసింది.

ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. చిన్నప్పుడు ఇద్దరూ గీశారు. ఒకరికే రంగులు కొన్నారు. "చిన్నదానికి దేవుడిచ్చిన చెయ్యి" అని అమ్మ ఎదురింటికీ పక్కింటికీ చెప్పింది. చిన్నది కాలేజీకి వెళ్లింది, పెద్దది బట్టలు కుట్టే షాపులో కత్తిరింపు బల్ల దగ్గర నిలబడింది. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. అదే మరీ ఒళ్లు మండించే సంగతి.

రెండో నెల చివర మాస్టారు ఒక పని తెచ్చి కొత్తమ్మాయి బల్లమీద పెట్టాడు. కర్మాగారాల్లో యంత్రాల పక్కన వేలాడదీసే చిన్న పుస్తకం. తెగిన గాయానికి కట్టు ఎలా కట్టాలో చూపించాలి. ఇరవై నాలుగు బొమ్మలు. ముఖాల్లేవు, జేబుల్లేవు. ఇరవై నాలుగూ చేతులే.

"నీకే ఇవ్వాలనిపించింది. ఆ ముసలమ్మ చేతులు నాకింకా గుర్తున్నాయి" అన్నాడు మాస్టారు.

ఆమె "సరేనండీ" అంది.

ఆరోజు పదకొండు కాగితాలు పాడయ్యాయి. పదకొండింటినీ నాలుగు మడతలు పెట్టి టిఫిన్ డబ్బా కింద దాచి ఇంటికి పట్టుకుపోయింది. అక్క ముందు పెట్టి ఏడ్చింది.

"ఏడుపాపు. ముక్కు చీదుకో ముందు" అంది అక్క. "ఎన్ని కావాలి?"

"ఇరవై నాలుగు."

"ఓసి నీ దుంపతెగ! చెయ్యి అడిగావనుకున్నా, దండునే అడిగావా?"

కానీ గీసిచ్చింది. రోజుకు ఒకటో రెండో, ఒక్కోరోజు మూడు, పల్చటి కాగితం మీద. సాయంత్రం అక్క షాపునుంచి రాగానే చెల్లెలు గుమ్మంలోనే అడిగేది. "అయిందా?" అక్క సంచిలోంచి తీసిచ్చేది. మర్నాడు అందరికంటే ముందే గదికి పోయి, లోపల లైటుండే గాజుబల్లమీద ఆ కాగితం పరిచి, పైన మంచి కాగితం వేసి, గీత వెంట గీత దిద్దేది. మిగతావాళ్లు వచ్చేసరికి చెయ్యి సిద్ధం. తీగ ఖాళీ.

"అమ్మాయి తీగ మీద పిచ్చుకైనా వాలదేం?" అన్నాడు అక్షరాలాయన. "తప్పే చెయ్యదా ఈ తల్లి?"

పొగడ్తో వెటకారమో ఆమెకు అర్థం కాలేదు. ఏదైనా ఒకటే. రెండూ ముల్లులాగే గుచ్చుకున్నాయి.

పదిహేను రోజులకు ఇరవై నాలుగూ పూర్తయ్యాయి. మాస్టారు వాటిని పెద్ద బల్లమీద నాలుగు వరసలుగా పరిచాడు. అందరినీ పిలిచాడు. బాగా కుదిరిన పనిని అందరికీ చూపించడం ఆయనకు సరదా. కొత్తమ్మాయి వెనకాల నిలబడింది.

"చూడండయ్యా, వేలు ఎంత గట్టిగా పట్టిందో! ఎక్కడ ఒత్తాలో ఎక్కడ వదలాలో తెలిసిన చెయ్యి ఇది." ఆయన వంగి మొదటి వరస చూశాడు, రెండో వరస చూశాడు. మూడో వరసకు వచ్చి ఆగాడు. మళ్లీ మొదటికి వెళ్లాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"ఎడమచేతి చూపుడువేలు. గోరు మధ్యకు చీలి ఉంది" అన్నాడు. "ఇక్కడా చీలింది. ఇక్కడా. అన్నిట్లోనూ చీలింది."

మాస్టారు కొత్తమ్మాయివైపు తిరిగాడు.

"ఏదీ, నీ చేతులు చాపు."

ఆమె చాపలేదు. ఆయన ఎదురుచూశాడు. ఆయన అరిచినా బాగుండేది. అరవలేదు. చివరికి ఆమె ఎడమచెయ్యి ముందుకు పెట్టింది. నున్నటి గోరు. ఇంక్ మరక తప్ప గీత కూడా లేదు.

"ఈ చెయ్యి ఎవరిది?"

"మా అక్కదండీ" అంది. మాట తనకే వినపడలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఒక సిగ్గుమాలిన మాటను రెండుసార్లు చెప్పడమంటే ఏమిటో చెప్పినవాళ్లకే తెలుస్తుంది. "మా అక్కది. మిషను సూది దిగింది ఒకసారి. అప్పట్నుంచి గోరు అలాగే పెరుగుతుంది. తన చెయ్యి చూసి తనే గీసింది."

అక్షరాలాయన చూపు తిప్పేసుకుని కుంచె కడుక్కోవడం మొదలుపెట్టాడు. అది మరీ బాధ. రోజూ ఎగతాళి చేసే మనిషి కూడా ఇవాళ వదిలేశాడంటే, తాను ఎంత దిగజారిందో.

"గోరు తప్పు కాదు" అన్నాడు మాస్టారు మెల్లగా. "ఈ పుస్తకం చూసేవాళ్ల గోళ్లు ఇలాగే ఉంటాయి. ఉన్నది ఉన్నట్టు చూసి గీసింది మీ అక్క. ఆమెను పిలుచుకురా. నీ సంగతి రేపు చూద్దాం."

అక్క పనిచేసే షాపు నాలుగు వీధుల అవతల. నడుస్తూ లెక్కవేసుకుంది. అక్కను పిలుచుకు వెళ్తే తన బల్ల అక్కదవుతుంది, అంతేగా! న్యాయమే. అక్కకు పుట్టుకతో వచ్చింది, తనకు రాలేదు. ఆ ఆలోచనలో కాస్త ఊరట కూడా ఉంది. ఎంత సిగ్గుచేటు ఊరట!

మధ్యాహ్నం విరామం. మిషన్లు ఆగి ఉన్నాయి. అక్క కత్తిరింపు బల్లమీదికి వంగి ఉంది. ముందు గోధుమరంగు కాగితం, కొలతల కోసం గీసుకునే మందపాటిది. దాని వెనకవైపు ఏదో గీస్తోంది. చెల్లెల్ని చూసి తల ఎత్తింది.

"ఏంటే, ఈ వేళప్పుడు? మొహం అలా వేలాడేశావేం?"

చెల్లెలు బల్ల కింద చూస్తోంది. అక్కడ అవే గోధుమరంగు కాగితాలు, మోకాలి ఎత్తు కట్ట. పైనున్న కాగితం నిండా చేతులు. వంకర చేతులు. వేళ్లు అతుక్కుపోయినవి, బొటనవేలు ఎక్కడో మణికట్టు దగ్గర మొలిచినవి. కొట్టేసినవి, కొట్టేసి మళ్లీ గీసినవి. చెల్లెలు వంగి ఇంకో కాగితం ఎత్తింది. దాని నిండా చేతులే. దాని కిందా చేతులే.

"ఇవన్నీ ఎవరు గీశారు?"

"మా యజమాని గీశాడు, కట్టింగు మానేసి! ఎవరు గీస్తారే, నేనే."

"ఇంత చెత్తగానా?"

ఆ మాట నోరు జారింది. అక్క నవ్వేసింది. "మరి? ఒక్కో చేతికి ముప్పై, నలభై అయ్యాయి. పదిహేడో బొమ్మకైతే అరవై దాటింది. ఆ బొటనవేలుందే, ఒక పట్టాన మాట వినదు. తిండి మానేసి కూర్చున్నా రెండు రోజులు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడైనా అడిగావా? ఎలా గీశావని అడిగావా? గుమ్మంలో నిలబడి 'అయిందా' అనేదానివి. అయింది, ఇచ్చాను."

కొట్టినా ఇంత నొప్పి ఉండదు. చిన్నది అక్కడే, గుడ్డపీలికల మధ్య నేలమీద కూలబడింది. పుట్టుకతో వచ్చిందనుకున్న చెయ్యి ఇదిగో, మోకాలెత్తు కట్టయి ఎదురుగా ఉంది. అక్క వందలసార్లు ఓడింది. తాను పదకొండు కాగితాలకే ఏడ్చింది. రానిదానికి సిగ్గుపడటం ఒక రకం. రావడానికి ప్రయత్నమే చెయ్యలేదని తెలిశాక వచ్చే సిగ్గు వేరు. దానికి ఒళ్లంతా మంట.

"దొరికిపోయానక్కా" అంది. జరిగిందంతా చెప్పింది. "మాస్టారు నిన్ను రమ్మన్నారు."

అక్క పెన్సిలు పక్కన పెట్టింది. నవ్వు పోయింది.

"వస్తాను. కానీ ఒకటి చెబుతున్నా విను. నువ్వు ఏడుస్తుంటే చూడలేక గీసిచ్చాను, అది నా తప్పు. ఇకమీదట నా పేరుతో పిలిస్తే వస్తా. నీ చెయ్యిగా మాత్రం రాను."

మర్నాడు అందరూ బల్లల దగ్గర కూర్చున్నాక అక్కచెల్లెళ్లు గదిలోకి వచ్చారు. చిన్నది రాత్రంతా మనసులో తిప్పుకున్న మాటలు గడప దాటగానే చెదిరిపోయాయి. మాస్టారి ఎదురుగా నిలబడింది.

"ఈమె మా అక్కండీ. ఆ చేతులు గీసింది ఈమె. ఇంకోటి కూడా చెప్పాలి." ఆగింది. ఇక్కడ ఆగిపోతే చాలు, ఎవరికీ తెలియదు. "నా ఫైల్లో ముసలమ్మ చేతులు కూడా అక్కవే."

మాస్టారు కళ్లజోడు తీశాడు. "అంటే, నిన్ను తీసుకోవడమే పొరపాటన్నమాట."

"అవునండీ."

"మరెందుకు చెప్పావు? ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదండీ. మీరు అడిగితే చెబుదామని చూస్తే, ఎప్పటికీ చెప్పననిపించింది."

"సరే. వెళ్లిపోతావా?"

వెళ్లిపోవాలనే ఉంది. మెట్లు దిగి వీధిలో పడితే ఈ ముఖాలు మళ్లీ చూడనక్కర్లేదు. చాలామంది చేసేదీ అదే. సిగ్గుపడి పారిపోయి, ఆత్మాభిమానమని దానికి పేరు పెట్టుకుంటారు.

"వెళ్లనండీ. మీరు గెంటేస్తే తప్ప."

"ఏం చూసుకుని ఈ ధైర్యం?"

"ధైర్యం కాదండీ. నాకు చేతులు గీయడం రాదు. రానిచోట ఉంటేనే వస్తుంది."

గదిలో ఎవరో దగ్గారు. మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నాడు. తర్వాత అక్కవైపు తిరిగాడు.

"పుస్తకం మీద నీ పేరు వేస్తామమ్మా. మూడు బొమ్మల్లో కట్టు ముడి మార్చాలి. కూర్చుని దిద్దగలవా?" ఆయన చిన్నదాని కుర్చీ లాగి అక్కకు వేశాడు. చిన్నదానితో తల ఎత్తకుండానే అన్నాడు. "నీ మూడు నెలలూ ఇవాళ్టితో మళ్లీ మొదలు. నెగ్గుతావని నేను చెప్పడం లేదు. చేతులు తప్ప ఇంకేదీ గీయకు."

గదిలో ఇంకో కుర్చీ లేదు. ఆమె గోడవార బీరువా మీద అట్ట ఆనించుకుని, నిలబడే మొదలుపెట్టింది. తన ఎడమచెయ్యి ముందుపెట్టుకుని గీసింది. ముల్లంగి దుంపలే వచ్చాయి. తీసుకెళ్లి అందరి ముందూ తన తీగకు తగిలించింది. క్లిప్పు చప్పుడు గదంతా వినపడ్డట్టే అనిపించింది.

"ఇది చెయ్యా, అల్లం కొమ్మా?" అన్నాడు అక్షరాలాయన.

చెవులు మండాయి. అక్క తన కుర్చీలో కూర్చుని వింటోంది. ఆమె ఎవరివైపూ చూడలేదు. అట్టమీద ఇంకో కాగితం పెట్టింది, ఈసారి ముందుగా మణికట్టు దగ్గర మొదలుపెట్టింది.