నాకంటే ముందే తెలిసింది

చేతులు జొన్నపిండిలో ఉండగా మెసేజ్ వచ్చింది. కోహీర్‌లోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి నన్ను ఎంపిక చేశారు. రేపు మధ్యాహ్నంలోగా వచ్చి చేరాలి. పెనం మీద రొట్టె బుస్సున పొంగింది. నేనూ పొంగాను. సాయంత్రం సృజన్ ఫ్యాక్టరీ నుంచి రాగానే ఎలా చెప్పాలి? కళ్లు మూయించి చెవిలో చెప్పాలా, టీ గ్లాసు కింద చీటీ పెట్టాలా? చీటీయే బాగుంటుంది. అందులో ఏం రాయాలో అనుకుంటూ రొట్టె తిప్పాను. రెండో వైపు కాలనే లేదు, అత్తమ్మ వంటింటి గడపలోకి వచ్చింది.

"కోహీర్ దాంక బస్సెక్కి పోయి పాఠాలు చెప్తవా? పెండ్లై నాలుగు నెల్లు కాలే. ఇంట్ల పని ఎవరు చేస్తరు?"

"మీకెట్ల తెలిసింది అత్తమ్మా?"

"సృజన్ ఇప్పుడే ఫోన్ చేసిండు."

సృజన్‌కు నేనింకా చెప్పలేదు. రొట్టె మాడిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడిపోయాను.

ఆ ఫోన్ పెళ్లికి అతనిచ్చిన కానుక. "నువ్వేం ముట్టకు, అన్నీ నేనే సెట్ చేసిన" అంటూ చేతిలో పెడితే ఎంత మురిసిపోయానో! జామకాయలు తినాలనుందని అమ్మకు మెసేజ్ పెట్టిన సాయంత్రమే సంచినిండా జామకాయలు తెచ్చేవాడు. ఫోన్‌లో పసుపు చీర బొమ్మ చూసుకుంటే వారంలో పసుపు చీర వచ్చేది. నీకెట్ల తెలుస్తదని అడిగితే "నీ మనసు నాకు కనిపిస్తది" అనేవాడు. ఆ మాటను అంట్లు తోముతూ, బట్టలారేస్తూ రోజంతా తలుచుకుని నవ్వుకునేదాన్ని. "కూరల ఉప్పెక్కువేస్తనని మీ అమ్మకు చెప్పుకుంటివట" అని అత్తమ్మ ఓసారి దెప్పితే, అమ్మే నోరు జారిందనుకుని పది రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆ జామకాయలూ, ఆ చీరా, అమ్మ మీద అలిగిన ఆ పది రోజులూ ఒక్కొక్కటే వెనక్కి తిరిగి నన్ను చూడసాగాయి. నా ప్రతి సంతోషం వెనకా ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు. ఫోన్‌ను బియ్యం డబ్బా పక్కన బోర్లా పెట్టాను. అయినా వీపుకు చూపు తగులుతూనే ఉంది.

ఫోన్ అద్దం పగిలిందని అత్తమ్మకు అబద్ధం చెప్పి కృప దగ్గరికి వెళ్లాను. డిగ్రీలో కృపది నా పక్క బెంచీ. ఇప్పుడు బస్టాండు దగ్గర ఫోన్లు బాగు చేసే దుకాణం నడుపుతోంది. నా ఫోన్‌లో ఫైర్‌వాల్ వేసింది. లోపలి నుంచి ఏ యాప్ ఎప్పుడు బయటికి కబురు పంపుతుందో అది వరుసగా చూపిస్తుందట. 'బ్యాటరీ సేవర్' అన్న పేరు వెలిగింది. నిమిషం ఆగి మళ్లీ వెలిగింది.

"గిది బ్యాటరీది కాదే. నీ మెసేజ్‌లు, నువ్వు తిరిగే జాగా, అన్నీ పంపుతున్నది."

మేమిద్దరం చూస్తుండగానే ఇంకోసారి వెలిగింది. నేనిక్కడ కూర్చున్న సంగతి కూడా వెళ్లిపోయిందన్నమాట. కృప దాన్ని ఆపేసింది.

"గొళ్లెం పెట్టిన, గంతే. లోపలున్నోడు లోపల్నే ఉన్నడు. మొత్తం తుడిచి వేరే సిస్టం ఏస్త. కొత్త తాళం నీ ఒక్కదానికే తెలుస్తది. గని ముందు ఫోటోలన్నీ కాపీ తీస్కోవాలె, టైం పడ్తది. రేపు పొద్దుగాల రా."

తిరిగొస్తూ దారిలో ఆగి, పిస్తా కుల్ఫీ తినాలనుందని ఫోన్‌లో రాశాను. ఎవరికీ తెలియలేదు! నవ్వొచ్చింది. నేనే కొనుక్కుని, వేళ్ల మీదికి కారినదంతా నాకేశాను.

సాయంత్రం సృజన్ చెప్పులైనా విప్పలేదు.

"ఫోన్ ఖరాబైందా?"

"లేదు. ఎందుకు?"

"నువ్వు బస్టాండ్ కాడికి పోయినప్పటి సంది ఏం వస్తలే..." అని ఆగిపోయాడు.

టీ గ్లాసు అతని చేతికిచ్చాను. కింద చీటీ లేదు.

"ఫికర్‌తోని పెట్టిన మానసా. కొత్త ఊరు, ఒక్కదానివి. ప్రేమ లేకుంటే గింత చూస్తనా?"

ఆ మాటకు ఒక్క క్షణం కరిగాను. జామకాయల రుచి అబద్ధం కాదు. నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే.

అత్తమ్మ అందుకుంది. "దాచేదేం లేనిదానికి గింత భయమెందుకే?"

"దాచేదేం లేదు అత్తమ్మా. చెప్పేది ఉండె. అది మీరు గుంజుకున్నరు."

తర్వాత సృజన్ వైపు తిరిగాను.

"రేపు పొద్దుగాల కృప దుకాణానికి పోత. ఈ ఫోన్ మొత్తం తుడిపిచ్చి వేరే సిస్టం ఏపిస్త. ఆడికెల్లి కోహీర్ బస్సెక్కి కాలేజీల చేరుత. జర యాదికి పెట్టుకో సృజన్, నేను చెప్తే నీకు తెలిసిన మొదటి ముచ్చట ఇది."