చూడని సముద్రం మీద ఫైసలా

బాలమల్లు సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. శామీర్‌పేట చెరువు దాటి పెద్ద నీళ్ళ మీద వల విసిరిన మనిషి కాదు. అయినా సముద్రంలో గాలిమరలు పెట్టొచ్చా, వద్దా అన్న సంగతి మీద ఫైసలా చేసి కూర్చున్నాడు. వద్దు. అంతే. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని చేపల సంఘంలో అందరికీ తెలుసు. భార్య యాదవ్వకు ఇంకా బాగా తెలుసు.

చెరువు మనిషికి సముద్రం గొడవ ఎందుకంటారా? కూతురు కావ్య వల్ల. ఆ పిల్ల చేపల చదువే చదివింది. తమిళనాడు తీరానికి అవతల, నడిసముద్రంలో గాలిమరలు నాటి కరెంటు తీయాలనుకునే కంపెనీ ఒకటి ఆమెకు ఉద్యోగం ఇస్తానంది. స్తంభాలు నాటబోయే చోట ఏ చేపలున్నాయో, వాటికేమవుతుందో పడవల మీద తిరిగి చూడటం పని. సోమవారంలోగా జవాబు చెప్పాలి. పిల్ల ప్రాణమంతా దాని మీదే ఉంది. కానీ నాయిన సరేనంటేనే పోతానంది.

నాయిన సరేననలేదు. నీళ్ళల్లో కంబం నాటితే అక్కడ వల పడదు, వల పడని చోట పొయ్యి వెలగదు. ఊరు వేరైనా, భాష వేరైనా వల వేసేవాడు మనవాడే. వాడి నోటికాడి కూడు తీసే పనికి తన బిడ్డ పోవడమేమిటని ఆయన బాధ. కావ్య ఓపిగ్గా చెప్పి చూసింది. ఆ కాస్త చోటు వదిలేస్తే చేప స్తంభాల చాటున నిలుస్తుందని, పెరిగి చుట్టుపక్కల వలలకే వస్తుందని, కొన్నిచోట్ల అలాగే జరిగిందని చెప్పింది. చదువుకున్నోళ్ళ మాటలని కొట్టిపారేసి బాలమల్లు వల చిక్కులు తీసుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు చెరువులో కంప వేసే రోజు. ఏటా వానలకు చేపపిల్లల్ని వదిలాక, ఒకవైపు నీళ్ళలో తుమ్మకంప దింపుతారు. ముళ్ళకు చిరుగుతుందని అక్కడ ఎవరూ వల వేయరు, పిల్లలు పెరుగుతాయి. సంఘం పెద్దగా బాలమల్లు ఏటా ముందుగానే ఇల్లిల్లూ తిరిగి అడిగేవాడు, అందరూ ఊ అన్నాకే వేయించేవాడు. ఈసారి పాతచోట పూడిక చేరిందని, సంఘంలోని కుర్మయ్య వల వేసుకునే వైపు వేయించాడు. కుర్మయ్యేమో అత్వెల్లిలో చుట్టాల పెళ్ళికి పోయాడు. వచ్చాక చెబుదాంలే అనుకున్నాడు.

కుర్మయ్య పెళ్ళి బట్టల్లోనే కట్ట మీదికి వచ్చాడు. నీళ్ళలో కంప చూసి ముఖం మాడ్చుకున్నాడు. ఇక తానెక్కడ వేసుకోవాలని అడిగాడు.

బాలమల్లు నిదానంగా నచ్చజెప్పాడు. "గా జరంత జాగ ఇడిస్తె ఏమైతది కుర్మయ్యా? చాప ఆడ నిలుస్తది, పెరుగుతది. పెరిగినంక నీ వలకే వస్తది."

అనేశాక గానీ అది ఎవరి మాటో ఆయనకు తట్టలేదు. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. నిన్న బిడ్డ చెప్పింది ఇదే, తాను ఇన్నేళ్ళుగా చేస్తున్నదీ ఇదే. బాలమల్లుకు నిజంగానే సిగ్గేసింది.

కంప వేస్తే చేప పెరుగుతుందని కుర్మయ్యకు తెలియక కాదు. "నాకెర్కలేదా మామా? అడగక ఏస్తివి గదా. అడిగితె ఒద్దందునా?" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువుంది.

బాలమల్లు అప్పటికప్పుడు కంప తీయించాడు. తడిసిన ముళ్ళు మళ్ళీ మోయాల్సి వచ్చిందని సంఘంవాళ్ళు గొణిగారు. అందరం కూర్చుని చోటు ఖాయం చేసుకున్నాకే వేద్దామని చెప్పి ఆయన ఇంటికి నడిచాడు.

కాళ్ళు కడుక్కుని కావ్యను పిలిచాడు. "పో బిడ్డా. నువ్వు చెప్పింది తప్పు కాదు. గాని కంబం నాటకముందే ఆడ వలేసేటోళ్ళను ఇల్లిల్లు తిరిగి అడగాలె. గది నువ్వే చెయ్యాలె."

కావ్య ముఖం వెలిగింది. అంతలోనే అనుమానమూ వచ్చింది. కంపెనీ ఆమెకు చెప్పింది చేపల గురించి, మనుషుల్ని అడగమని ఎవరూ చెప్పలేదు. అడిగితే ఏ జవాబు వస్తుందో కూడా తెలియదు.

"అందరు ఒద్దంటే నాయినా?"

"నేను మార్చుకోలేదా మనసు? అప్పుడు నువ్వు మార్చుకో."