కదలకుండ్రి జర

మా ప్రదీపన్నకు ఆటో మోడ్ అంటే ఒళ్లు మంట. "బటన్ నొక్కుడు కోతికి గూడ వస్తది ఫరా, మాన్యువల్ నేర్వు" అంటాడు. ఖిల్లా ఘణపూర్‌లో ఆయన స్టూడియోలో పనికి చేరిన నాటి నుంచి ఇదే పాట. పొయ్యికి రాళ్లు మూడు, పైన కుండ ఒకటి అని చెప్పాడు. వెలుగు దూరే కన్ను అపర్చర్, అది ఎంతసేపు తెరుచుకోవాలో చూసేది షట్టర్, తక్కువ వెలుగును పెంచి చూపేది ఐఎస్‌ఓ. ఒక రాయి కదిపితే మిగతా రెండూ సర్దుకోవాలి, లేకపోతే కుండ ఒరుగుతుంది. నేను తలూపాను. ఊపడానికేం, గంగిరెద్దు కూడా ఊపుతుంది.

ఆ రోజు అన్న పెళ్లి ఫోటోలకు వనపర్తి పోయాడు. పక్క ఊరి నుంచి ఫోన్ వచ్చింది. పుణెలో కట్టడం మీద నుంచి పడి చనిపోయిన శాంతయ్యను ఇంటికి తెచ్చారు, ఎత్తేలోపు ఫోటో తీయాలి. మా దిక్కు పోయిన మనిషిని నడుమ పెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఫోటో దిగుతారు. అన్నకు ఫోన్ చేస్తే, "ఫ్లాష్ కొట్టకు, మొహం పాలిపోతది. ఐఎస్‌ఓ పెంచకు, పెద్దగ చేస్తే గింజలు గింజలు కనవడ్తది" అని పెట్టేశాడు.

శాంతయ్య భార్య సాయమ్మ గడపలోనే నా చెయ్యి పట్టుకుంది. "మేమిద్దరం కలిసి దిగిన ఫోటో ఒక్కటి గూడ లేదు చెల్లె. అన్నీ ఆయన సెల్లులనే ఉండె. ఆయనతోని పాటు పడి అది గూడ పలిగింది. జర మంచిగ తియ్యి."

రేకుల ఇల్లు, ఒక్కటే కిటికీ, గదిలో చీకటి. ఫ్లాష్ వద్దు, ఐఎస్‌ఓ వద్దు. అపర్చర్ అప్పటికే పూర్తిగా తెరిచాను. ఇక మిగిలింది షట్టర్. దాన్ని బాగా నెమ్మది చేసి కెమెరాను స్టాండుకు బిగించాను. అది తెరుచుకుని మూసుకునేలోపు ఎవరు కదిలినా చెరిగిపోతారు. అందుకే "కదలకుండ్రి జర" అన్నాను. మొదటిది నల్లగా వచ్చింది. రెండోది తెల్లగా. "ఇంకొకటి, కదలకుండ్రి." కెమెరా మీది చక్రం ఎటు తిప్పుతున్నానో నాకే తెలియదు. చివరికి చిన్న తెర మీద మంచిగా కనబడింది. ఎందుకైనా మంచిదని ఇంకొకటి తీయబోయాను. "కదలకుండ్రి" అన్నానో లేదో, "పొద్దు గూకుతుంది, లెవ్వుండ్రి" అంటూ పెద్దమనుషులు శాంతయ్యను పాడె మీదికి ఎత్తారు. డప్పులు మొదలయ్యాయి.

సాయమ్మ కూర్చున్నచోటే కూర్చుంది. కంట్లో చుక్క నీరు లేదు. "మొగడు పోతె గింత గట్టిగెట్ల కూసుందో" అని ఆడవాళ్లు మూతులు తిప్పారు. అబద్ధమెందుకు, ఇదేం మనిషి అని నాకూ అనిపించింది.

స్టూడియోకొచ్చి కంప్యూటర్‌లో పెద్దగా చేసి చూశాను. తమ్ముడు, మరదలు, పిల్లలు, అందరూ ఏడ్చి ఏడ్చి ఊగిపోయారు. ఒక్కరికీ మొహం లేదు. స్పష్టంగా వచ్చింది ఇద్దరే, శాంతయ్య, ఆయన పక్కన సాయమ్మ. తిట్లు తప్పవనుకున్నాను. ప్రదీపన్న దాన్ని చాలాసేపు చూసి, "వీళ్లిద్దర్నే కట్ చేసి ఫ్రేం కట్టు" అన్నాడు.

దినాలు అయ్యాక ఫ్రేం పట్టుకుని పోయాను. సాయమ్మ కొంగుతో అద్దం తుడిచి చూసుకుంది. "మంచిగొచ్చిండు" అంది. నాకు నోరు ఊరుకోదు కదా, అడిగేశాను.

"ఆ పొద్దు నువ్వెందుకు ఏడ్వలే అక్కా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "నువ్వే గద కదలొద్దంటివి. నేను కదిలితే ఆయన ఫోటో ఖరాబైతదనుకున్న. అయిపోయిందని నువ్వెప్పుడంటవా అని చూసిన. నువ్వు అనకముందే ఎత్తుకపోయిండ్రు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద పడి ఏడ్చే ఆ కాస్త సేపూ నా చక్రం తిప్పుడులోనే పోయింది. ఫ్రేమును గోడకు ఆనించి ఆమె ముందు కూర్చున్నాను.

"అయిపోయింది అక్కా" అన్నాను.

అప్పుడు ఏడ్చింది సాయమ్మ.