చేపల కాడ చెప్పిన మాట

నాకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు చీము పట్టి, దవాఖానకు ఆలస్యంగా తీసుకెళ్ళడంతో పోయింది. మట్టెవాడలో మా వీధి వీధంతటికీ తెలిసిన సంగతే. పరకాల సంబంధం కుదిరేదాకా మా అమ్మ సమ్మమ్మ కూడా దాన్ని దాచాలనుకోలేదు. కుదిరాక మాత్రం, "పెండ్లయ్యేదాంక ఆ ముచ్చట తియ్యకు బిడ్డా, నీకు దండం పెడత" అంది. నాకు ఒళ్ళు మండింది. దాచిపెట్టి తాళి కట్టించుకోవడానికి నేనేమన్నా దొంగతనం చేశానా?

పెళ్ళికొడుకు రమాకాంత్‌ది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నిశ్చితార్థమైన మర్నాడే ఫోన్ చేసి, "ఊకె ఫోన్ల ఏం మాట్లాడుకుంటం యమునా, ఇద్దరం కలిసి గేమ్ ఆడుదామా?" అన్నాడు. ఊరు, పొలం, పక్కన నది ఉండే ఆట. సాయంత్రం మా మరమగ్గాలు ఆగాక నేను ఫోన్‌లో ఆ ఊరికి పోయేదాన్ని. నా బొమ్మ పక్కన అతని బొమ్మ వచ్చి నిలబడేది. ఏ విత్తనం ఎప్పుడెయ్యాలి, ఏ చేప ఏ వానలో పడుతుంది, అన్నీ ఠక్కున రాసేవాడు. ఆటలోనే మెసేజ్‌లు రాసుకోవచ్చు. వినే బాధ లేదు, చదువుకుంటే చాలు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఒకరోజు ఇద్దరం నది ఒడ్డున గాలాలేసి కూర్చున్నప్పుడు ఉండబట్టలేక రాసేశాను. "నాకు ఎడమ చెవి ఇనవడదు. మా అమ్మ చెప్పొద్దన్నది. నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు." జవాబు వెంటనే వచ్చింది. "ఫికర్ చెయ్యకు. ఎప్పుడైనా నీ కుడి దిక్కే కూసుంట."

ఆ మాటను ఎన్నిసార్లు చదువుకున్నానో! పెళ్ళంటే ఉన్న భయమంతా పోయింది. ఆ రోజు నుంచే అతను నావాడనుకున్నాను.

మొన్న ఆదివారం పెళ్ళిబట్టలు కొనడానికి తల్లి ఇందిరమ్మతో కలిసి మా ఇంటికి వచ్చాడు. అమ్మ బగారన్నం, మటన్ కూర చేసింది. పెద్దవాళ్ళిద్దరూ లోపలి గదిలో చీరలు పరుచుకుని కూర్చుంటే, ముందుగదిలో మేమిద్దరం తినడానికి కూర్చున్నాం. అతను వచ్చి నా ఎడమ పక్కనే కూర్చున్నాడు. మరిచిపోయాడులే అనుకున్నాను. ఏదో గుసగుసగా అన్నట్టున్నాడు, నేను పలకలేదు. మోచేత్తో పొడిచి, నవ్వుతూ, "ఏంది, చెవుడా?" అన్నాడు.

తెలిసినవాడికి ఎగతాళికైనా ఆ మాట నోటికెట్లా వస్తుంది?

అప్పుడే నా ఫోన్ టింగుమంది. ఆటలో రమాకాంత్ మెసేజ్. "నది కాడికి రా యమునా. వాన పడుతాంది, ఇయ్యాల పెద్ద జెల్ల దొరుకుతది."

రమాకాంత్ చెయ్యి కూరలో ఉంది. అతని ఫోన్ టీవీ పక్కన ఛార్జింగ్‌లో ఉంది.

"గిదెవరు?" అని నా ఫోన్ అతని ముందు పెట్టాను.

సిగ్గుపడతాడనుకున్నాను. లేదు, ముఖం వెలిగిపోయింది. "అరె, దొరికిపోయిన! అది నా ఏఐ ఏజెంటు. నా బదులు అదే ఆడుతది, అదే రాస్తది. ఆడేటోళ్ళంత కలిసి రాసిపెట్టిన వికీ ఒకటున్నది. చేపలు, పంటలు అన్ని అండ్ల పట్టికలుగ ఉంటయి. ఏజెంటు అడగంగనే అండ్లకెళ్ళి తీసిచ్చే టూల్ నేనే తయారు చేసిన. నీతోటే టెస్ట్ చేసిన. ఒక్క చేపన్న తప్పు చెప్పిందా?"

"నువ్వు ఎన్నడు ఆడలేదా?"

"మొదట్ల జరంత ఆడిన. ఆఫీసు పనిల టైం ఏడ దొరుకుతది?"

"నేను రాసినయన్న చదివినవా?"

"వారానికోసారి అదే కుదించి ఇస్తది. ఏ పంటలేసినం, ఏ చేపలు పట్టినం, గంతే."

నా చెవి అందులో లేదు. ఎందుకుంటుంది? అది చేప కాదు, పంటా కాదు. నేను గుండె విప్పి ముందు పెడితే, దాంతో తన టూల్‌కు పరీక్ష పెట్టుకున్నాడు మహానుభావుడు! ఇంత మోసమా? నేను మనసిచ్చింది ఆ ఒక్క జవాబుకి. అది రాసిన మనిషే లేడు.

ఆ మెసేజ్ దాకా వెనక్కి జరిపి ఫోన్ ఇచ్చాను. ఎడమ చేత్తో పట్టుకుని చదివాడు. నేను అతని వైపు తిరిగి ముఖంలోకే చూస్తున్నాను. ఇంకా ఆశ చావలేదు, పిచ్చిదాన్ని. ఇప్పుడైనా తన నోటితో ఏదో ఒకటి అంటాడు, "అయ్యో, అట్లనా" అన్నా చాలనుకున్నాను.

అతను లోపలి గది వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఇది మా అమ్మకు తెల్వది గద?"

"తెల్వది."

"తెల్వనియ్యకు. పెండ్లయినంక మెల్లగ నేనే చెప్త." ఫోన్ తిరిగిచ్చి, మళ్ళీ ముద్ద కలుపుతూ, "అయినా జవాబు మంచిగనే ఇచ్చింది గద అది?" అన్నాడు.

"అవు. మంచిగనే ఇచ్చింది" అన్నాను.

లేచి చెయ్యి కడుక్కుని లోపలికెళ్ళాను. ఇందిరమ్మ ఒక పట్టుచీర అంచు పట్టుకుని, "దా బిడ్డా, ఈ రంగు నీకు మస్తుంటది" అంది.

"అత్తమ్మా, నాకు ఎడమ చెవి ఇనవడదు. మీ కొడుకుకు చెప్పిననుకున్న. ఆయనకు చేరలేదట. అందుకే మీకు చెప్తాన."

మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఆమె వైపు తిరిగాను.

"చీరలు మడత పెట్టమ్మా. నాకీ పెండ్లి వద్దు."