పఠనాలయం పడమటి గోడ

పఠనాలయం పడమటి గోడ పొట్ట ముందుకొచ్చిందని మొదట గమనించింది పంతులమ్మే. గమనించి, ఎవరికీ చెప్పకుండా మూడు రోజులు ఊరుకుంది. నాలుగో రోజు వీధంతా చూసింది.

ఆ భవనం వయసు నూట పదేళ్ళ పైమాటే. దాన్ని పడగొట్టి దుకాణాలు కడతామంటే వీధివాళ్ళు అడ్డం పడ్డారు. సంతకాలు సేకరించి, కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి దక్కించుకున్నారు. మరమ్మతులు తామే చేసుకుంటామని మాటిచ్చారు. వీధిలో సున్నం పని తెలిసినవాళ్ళు ఇద్దరే. పంతులమ్మ భర్త, ఆయన తమ్ముడు. భర్తని అందరూ మేస్త్రి అనే పిలిచేవారు.

గోడ చూడటానికి వచ్చిన ఇంజనీరమ్మ సుత్తితో ఒకచోట చిన్నగా తట్టింది. సిమెంటు పెచ్చు ఊడింది. వెనక వేలు పెడితే తడిమట్టి వచ్చింది.

"ఈ సిమెంటు ఎవరు పూయించారు?"

పఠనాలయం సంఘం కార్యదర్శిని వీధిలో గడియారం అంటారు. ఏ సమావేశానికీ వేళకు వచ్చి ఎరగడు. ఆవేళ మాత్రం అందరికంటే ముందొచ్చి నిలబడ్డాడు.

"మేమేనండీ. రెండేళ్ళయింది. వానలొచ్చేస్తున్నాయని..."

"సున్నపు గోడ తడి పీలుస్తుంది, ఎండకి వదిలేస్తుంది. మీరు పైన సిమెంటు కప్పేశారు. తడి లోపలే ఉండిపోయి సున్నమంతా ఇలా అయింది." ఆమె చెయ్యి తుడుచుకుంది. "గోడ దించెయ్యాలండీ, వారంలోపల. లేకపోతే కప్పుని కూడా లాక్కుపోతుంది."

"దుకాణాలవాళ్ళ చేతిలోంచి లాక్కొచ్చి మన చేతులతో చంపుకున్నాం," అన్నాడు గడియారం. "తొందరపెట్టింది నేనే."

పంతులమ్మ నేలచూపులు చూస్తూ నిలబడింది.

రెండేళ్ళ కిందట మేస్త్రి పెరట్లో తొట్టినిండా సున్నం నానబెట్టాడు. రోజూ సాయంత్రం బొటనవేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రాసి చూసుకునేవాడు. మాగాక పని మొదలుపెట్టి, కొంచెం పూశాక మంచాన పడ్డాడు. ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు. నెల దాటాక మరిది, గడియారం కలిసి ఇంటికి వచ్చారు.

"వదినా, తొట్టిలో సున్నం వెన్నలా ఉంది. మిగతాది నేను పూస్తాను. అన్న చేసినంత నున్నగా రాదనుకో," అన్నాడు మరిది.

ఆ తొట్టిలో ఇంకొకరి చెయ్యి పడటం ఆమె చూడలేకపోయింది.

"వద్దు. సిమెంటే వేసెయ్యండి."

భర్త పోయి నెల దాటీ దాటని మనిషికి ఎదురు చెప్పడానికి మరిదికి నోరు రాలేదు. సున్నపు గోడకి సిమెంటు పూయడమంటే మనిషికి ముక్కూ నోరూ మూయడమేనని మేస్త్రి ముప్పై ఏళ్ళపాటు అన్నం తింటూ చెప్పాడు. అది ఆమె మరిచిపోలేదు. సిమెంటే వేసెయ్యమన్నప్పుడూ గుర్తుంది.

"తప్పు గడియారంగారిది కాదు," అంది పంతులమ్మ. "మరిది సున్నమే పూస్తానన్నాడు. నేను వద్దన్నాను. గోడ పాడవుతుందని తెలిసే అన్నాను."

"ఆ దుఃఖంలో ఎవరు మాత్రం ఆలోచిస్తారమ్మా," అన్నాడు గడియారం.

"నా దుఃఖానికి గోడేం చేసిందండీ?"

వారం తిరక్కుండా కప్పు కింద దుంగలు ఆనించి గోడ దించడం మొదలుపెట్టారు. సిమెంటు పలకలు పలకలుగా ఊడి పడింది. వెనక ఇటుకలు చేత్తో లాగితే వచ్చేశాయి. కిటికీ పక్కన మేస్త్రి పూసిన రెండు బారల మేర మాత్రం మిగిలింది. అక్కడ సిమెంటు లేదు. ఆయన గుర్తుగా ఉండనిద్దామని అప్పట్లో దాన్ని వదిలేశారు. మరిది తాపీ పిడితో కొట్టి చూశాడు. ఖంగుమంది.

"రాయిలా ఉంది వదినా."

"ఇంతవరకైనా ఉంచలేమా?" అని పంతులమ్మ ఇంజనీరమ్మని అడిగింది. అడుగుతున్నప్పుడే జవాబు తెలుసు.

"పక్కన గోడ లేకుండా ఇదొక్కటీ నిలవదమ్మా. ఎవరి మీదైనా పడుతుంది."

మరిది గునపం కింద పడేశాడు. "ఇది నావల్ల కాదు. ఇంకెవరినైనా పిలవండి."

"ఇంకెవరూ వద్దు. నువ్వే దించు," అంది పంతులమ్మ. "ఆ రోజు వినకూడని మాట విన్నావు నాయనా. ఈ ఒక్కటీ విను."

అతను చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత నిచ్చెనెక్కాడు. గునపం ముట్టుకోలేదు. తాపీ మొనతో సందులు వదులు చేసి, పైనుంచి ఒక్కొక్క ఇటుకే తీశాడు. పంతులమ్మ కింద నిలబడి ఒక్కొక్కటీ రెండు చేతులతో అందుకుంది. అన్నీ పొడిగా ఉన్నాయి. చేతికి ఇంత మన్ను కూడా అంటలేదు.

మధ్యాహ్నానికల్లా గోడ ఉన్నచోట అవతలి వీధి కనిపించింది.