తుల్సీబాయి తెలుగు

లీలకు తుల్సీబాయి అంటే ఓర్వలేనితనం తొమ్మిదో తరగతి తెలుగు క్లాసుల మొదలైంది.

డెబ్బై ఒకటో సంవత్సరం. తెలంగాణ ఉద్యమంల ఏడాది చదువు పోగొట్టుకున్న పిల్లలు మళ్ళ కుదురుకుంటున్న రోజులు. మానుకోటల వర్తకులు చందాలేసుకొని నడిపే బడి అది. లీల తండ్రి వెంకట్రాజం కిరాణం హోల్‌సేల్ వ్యాపారి, బడి కమిటీల పెద్దమనిషి. తెలుగు చెప్పే విజయలక్ష్మి టీచర్‌ది గుంటూరు దిక్కు. ఆమె లీలను లేపి, పాఠం చదివి అర్థం చెప్పమన్నది.

లీల చదివింది. "రాజు గట్ల అనంగనే మంత్రి పరేషాన్ అయిండు టీచర్" అన్నది.

"గట్లనా? పరేషానా?" అని టీచర్ అదే యాసల సాగదీసింది. పిల్లలు పడి పడి నవ్విండ్రు. నవ్వినోళ్ళంత ఇంటికి పోతే గట్లనే మాట్లాడేటోళ్ళు. టీచర్ నవ్వినంక తాము నవ్వకుంటే ఎట్లనని నవ్విండ్రు.

తర్వాత ఆఖరు బెంచీల తుల్సీబాయిని లేపింది టీచర్. తుల్సి తండ్రి టీక్యా రైలు పట్టాల మీద గ్యాంగు పని చేస్తడు. లంబాడి తండా పిల్లలు ఆఖరు బెంచీకే కూసోవాలని ఆ బళ్ళె ఎక్కడా రాసి లేదు, కానీ కూసునేది అక్కడనే. నీళ్ళు తాగే కాడ గ్లాసు వాళ్ళకియ్యరు, దోసిట్ల పోస్తరు. ఇదేందని అడిగినోళ్ళు లేరు.

"రాజు ఆ మాట అనగానే మంత్రి కలవరపడ్డాడండీ" అన్నది తుల్సి.

"విన్నారా? ఇంట్లో తెలుగే లేని పిల్ల! నువ్వు తెలుగింట్లో పుట్టి ఏం లాభమే లీలా?"

తుల్సి ఇంట్ల లంబాడి మాట్లాడుతరు. తెలుగు ఆమెకు పుస్తకంల నుంచి వచ్చింది, పుస్తకంల ఉన్నట్టే వచ్చింది. లీలకేమో తల్లి దగ్గర్నుంచి, దుకాణం కాడి నుంచి వచ్చింది. ఆ దినం అన్నం పళ్ళెం పక్కకు జరిపింది. తల్లి ఈశ్వరమ్మ "ఏమైంది బిడ్డా" అంటే, "నువ్వు మాట్లాడకు, నీ వల్లనే గిదంత" అన్నది. ఈశ్వరమ్మకు ఏం సమజుగాలె.

ఇగ అప్పట్నుంచి లీల కండ్లు ఆఖరు బెంచీ మీదనే. తుల్సి జడ వేసుకున్న తీరు, నిమ్మళంగ పుస్తకం తెరిచే తీరు, ఏది చూసినా లోపల సుర్రుమనేది. ఆమెకు జరమొచ్చి నాలుగు దినాలు బడికి రాకుంటే బాగుండని దేవునికి మొక్కుకున్నది కూడ.

అంతల ఓరుగల్లుల జిల్లా వక్తృత్వ పోటీ అన్నరు. మాట్లాడేది తెలుగు భాష గొప్పతనం మీద. ఎవరిని పంపాలెనో పరీక్ష పెట్టి చూస్తమని హెడ్మాస్టర్ చెప్పిండు. పరీక్షల తుల్సి మాట్లాడుతుంటే కిటికీల కాడ వేరే క్లాసుల పిల్లలు గుమిగూడిండ్రు. లీల నడుమనే తడబడి ఆగిపోయింది.

ఆ మాపు దుకాణం కాడికి పోయి తండ్రి ముందట నిలబడ్డది. ఏం చెప్పాలెనో తొవ్వ పొడుగునా కూడగట్టుకున్నది. లంబాడి పిల్ల పోతే బడి ఇజ్జతేం కావాలె, కమిటీల నువ్వుండి ఏం ఫాయిదా అని.

"బాపూ, ఓరుగల్లుకు గా తుల్సిని..."

"ఎవరన్నరు?" వెంకట్రాజం తలెత్తనన్న ఎత్తలె. "నీ పేరే అనుకున్నం పోయిన వారం కమిటీల. తెలుగు గురించి మాట్లాడేదానికి లంబాడి పిల్లనెట్ల పంపుతరు?"

"మరి పరీక్షెందుకు పెట్టిండ్రు?"

"పెట్టాలె గద, పెట్టిండ్రు."

లీలకు సంబురం కావాలె. కాలె. అడుగుతే ఒప్పుకుంటడో లేదోనని భయపడ్డది, అడగనన్న పడలె. గెలిచిందంటే గెలిచింది, కానీ ఎవరి మీద?

మర్నాడు విజయలక్ష్మి టీచర్ తుల్సిని పిలిచి, "సాయంత్రాలు లీలకు నువ్వు నేర్పు. నీలా పలికించాలి" అన్నది. తుల్సి తలూపింది.

బడి వదిలినంక ఇద్దరే క్లాసుల కూసునేది. "అలా కాదు, గొంతు కింద నుంచి తీయి. 'వచ్చినం' కాదు, 'వచ్చాం'." తుల్సి ఓపికగ చెప్పేది. కసిరేది లేదు, ఎక్కిరించేది లేదు. గదే లీలకు మరింత మండేది. తిడితే తిరిగి తిట్టొచ్చు. గిట్ల మంచిగ చెప్పేదాన్ని ఏం చేస్తరు?

ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "నిన్ను కాదని నన్ను పంపుతున్నరు. నీకు కోపం రాదా?"

"నేర్పమన్నారు, నేర్పుతున్నాను" అన్నది తుల్సి. "కోపం ఇంటికి పోయి పడతాను. మా భాషలో."

లీలకు ఆ మాట ముల్లులెక్క దిగింది. కోపానికి ఒకటి, బడికి ఒకటి, తుల్సికి రెండు భాషలున్నయి. తనకున్నది ఒక్కటే, దాన్ని చూసి లోకం నవ్వుతది.

ఓరుగల్లుల లీల తుల్సి గొంతుతోనే మాట్లాడింది. ఆమె ఆగిన కాడ ఆగింది, లేచిన కాడ లేచింది. మొదటి బహుమతి వచ్చింది. షీల్డు ఇచ్చే పెద్దమనిషి ముచ్చటపడి, "ఇంత తేట తెలుగు ఎవరు నేర్పారమ్మా?" అని అడిగిండు.

తుల్సి పేరు నాలిక మీదికొచ్చింది. ఒక్క పేరు చెప్పాలె, గంతే. కానీ ఇంత దూరమొచ్చి, ఇంతమంది ముందట కూడ ఆమెదే గొప్పనా అనిపించింది.

"మా విజయలక్ష్మి టీచర్‌గారండీ" అన్నది లీల.

అందరు చప్పట్లు కొట్టిండ్రు. వెంట వచ్చిన టీచర్ కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

తిరిగొచ్చినంక తుల్సి బడి వరండల కలిసింది. "ఎవరు నేర్పారని అడగలేదా?"

"అడగలె. ఎవ్వలడుగుతరు గది?"

"అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం నీ తెలుగే వస్తుంది నీకు" అన్నది తుల్సి.

ఆ తర్వాత లీలతోని మాట్లాడలె. ఎండాకాలం సెలవులైనంక పదో తరగతికీ రాలె. టీక్యా వచ్చి టీసీ తీసుకపోయిండన్నరు. క్లాసుల ఫస్టొచ్చే పిల్లను ఎందుకు తీసుకపోతున్నవని హెడ్మాస్టర్ అడగలె. లీల కూడ అడగలె. ఆఖరు బెంచీల తుల్సి జాగ ఖాళీ అయినంక తన కడుపు చల్లబడుతదని ఎదురుచూసింది.

పదేండ్లయినంక లీల జనగామల కోడలు. మొగుడు గోవర్ధన్‌ది బట్టల దుకాణం. తమ్మునికి మాస్టర్ కొలువు రాలేదని ఒకనాడు దుకాణంల కూసోని కడుపుల బాధంత కక్కుతున్నడు. "లంబాడోళ్ళను ట్రైబుల కలిపిండ్రు, ఇగ మనకేం మిగుల్తది? చదువొచ్చినా రాకున్నా కొలువు వాళ్ళకే. ముందే అనుకొని ఇస్తున్నరు."

లీల చీరలు మడత పెడుతున్నది. "నాకూ ఒకపారి గట్లనే ఇచ్చిండ్రు" అన్నది.

"ఏం ఇచ్చిండ్రు?"

చెప్పింది. పరీక్ష, కమిటీ, షీల్డు, తను దాచిన పేరు, అన్నీ చెప్పింది. మొగనికే కాదు, ఎవరికైనా చెప్పుడు అదే మొదలు.

గోవర్ధన్ ఇన్నడు. "అది వేరు" అన్నడు.

"ఎట్ల వేరు?"

"వేరంటే వేరు." ఇంతల బేరగాళ్ళొచ్చిండ్రు. అతను లేచి బట్ట తాన్లు దించుకుంట పోయిండు.

తుల్సీబాయి ఏమైందో, ఎక్కడున్నదో లీలకు తెల్వది. కనుక్కోవాలనుకుంటే మానుకోటల కనుక్కోవచ్చు. కనుక్కోలె. ఆమె బాగ బతుకుతున్నదంటే ఇనే ధైర్యం లేదు, బాగలేదంటే ఇనే మొఖం లేదు. రైల్ల పోయేటప్పుడు ఏ ఆడమనిషన్న తేట తెలుగు మాట్లాడితే చాలు, లీల తల తిప్పుకొని కిటికీల నుంచి బయటికి చూస్తది. లోపల సుర్రుమనుడు మాత్రం ఇప్పటికీ ఆగలె.